యుద్ధం ముగిసినా ఇల్లు చేరని సిపాయి
(అశ్వత్థామ మొదలు అంతరిక్ష సైనికుల దాకా)

పుట్టినరోజునాడు పిల్లవాడికి తలంటి పోసి, కొత్తబట్టలు కట్టి, చిరంజీవుల పేర్లు చదివి అక్షింతలు వేయడం మన ఇళ్ళలో చాలామందికి అలవాటు. ఆ పేర్ల వరసలో మొట్టమొదటిది ఎవరిదో ఎప్పుడయినా ఆలోచించారా? బలిచక్రవర్తిది కాదు, వ్యాసులవారిది కాదు, హనుమంతుడిది అసలే కాదు. అశ్వత్థామది! నిద్రలో ఉన్న అయిదుగురు కుర్రవాళ్ళను చంపి, ఆ తరువాత ఇంకొకణ్ణి తల్లి కడుపులోనే చంపబోయినవాడి పేరు చెప్పి మన పిల్లలకు దీర్ఘాయువు కోరుతున్నాము.

అతనికి దక్కిన ఆ దీర్ఘాయువు వరం కాదు, శిక్ష. నొసటి మణి ఊడదీయించుకుని, మానని పుండుతో, నెత్తురూ చీమూ కారుతూ, పలకరించే దిక్కు లేక మూడువేల ఏళ్ళు అడవుల వెంట తిరగమని కృష్ణుడు శపించాడు. అంటే ఏమిటన్న మాట? యుద్ధం అయిపోయింది. గెలిచినవాళ్ళు హస్తినాపురం చేరారు. చచ్చినవాళ్ళు వీరస్వర్గం చేరారు. ఒక్క సిపాయి మాత్రం ఎక్కడికీ చేరలేదు.

ఆ సిపాయి 2024 జూన్ 27న మళ్ళీ మన కళ్ళబడ్డాడు. ఈసారి కనిపించినది పురాణ కాలక్షేపంలో కాదు, ఎగిరే బండ్లూ మాట్లాడే యంత్రాలూ ఉన్న భవిష్యత్తు కథలో. నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏ.డి.’ని తునిలో, పాయకరావుపేటలో, రాజమహేంద్రవరంలో జనం విరగబడి చూశారు. ఆ ఆగస్టు నుంచి ఇళ్ళలోని టెలివిజన్ తెరమీద కూడా చూశారు. ప్రభాస్ కోసం వెళ్ళినవారు అమితాబ్ బచ్చన్ గారి అశ్వత్థామను మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చారంటే అతిశయోక్తి కాదు. ఎందుచేత? ఆ సంగతే ఇక్కడ కొంచెం విచారిద్దాం.

ఆ రాత్రి జరిగినది

భారతాన్ని తెలుగు చెయ్యడానికి నన్నయగారు శ్రీకారం చుట్టింది మన గోదావరి గట్టున, రాజరాజనరేంద్రుని కొలువులో. సౌప్తికపర్వం దాకా వచ్చేసరికి కలం నెల్లూరు తిక్కనగారి చేతిలో ఉన్నది. సౌప్తికం అంటే నిద్రకు సంబంధించినది. పేరు మెత్తగానే ఉన్నది గాని, పద్ధెనిమిది పర్వాలలోనూ ఇంత భయంకరమయినది మరొకటి లేదేమో!

దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్నాడు. కౌరవసేనలో మిగిలినవారు ముగ్గురు: అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. మర్రిచెట్టు కింద మిగిలిన ఇద్దరూ నిద్రపోయారు. అశ్వత్థామకు నిద్ర పట్టలేదు. చెట్టుమీద నిద్రపోతున్న కాకులను ఒక గుడ్లగూబ చడీచప్పుడూ లేకుండా వచ్చి చంపడం చూశాడు. దానితో అతనికి ‘ఉపాయం’ తట్టింది. మేనమామ కృపుడు ‘తప్పు నాయనా’ అని చెప్పి చూశాడు. వినలేదు. ఆ రాత్రి పాండవుల శిబిరంలో దూరి, తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుణ్ణీ, ద్రౌపది కొడుకులు అయిదుగురినీ చంపాడు. వద్దన్న కృపుడే వాకిట కాపలా కాసి, పారిపోయేవారిని కృతవర్మతో కలిసి నరికాడు. ఇది చిత్రం! వద్దన్న నోటితోనే సరేనన్నాడు. యుద్ధం మంచివాళ్ళ చేత ఏమి చేయిస్తుందో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం కావాలా?

ఇంతకీ అశ్వత్థామ పుట్టురాక్షసుడా? కాడు. అతని తండ్రి ద్రోణుణ్ణి ఎలా చంపారు? ఆ పేరున్న ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చాడని పుకారు పుట్టించి, జన్మలో అబద్ధమాడని ధర్మరాజు చేత ఆ మాట చెప్పించి, ముసలివాడు ఆయుధం కింద పెట్టగానే తల నరికారు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచే ధర్మరాజు రథం ఆ మాటతో నేలకు దిగిందని భారతమే చెప్పింది. తప్పు ఒక పక్షానిదే అని వ్యాసులవారు ఎక్కడా అనలేదు.

డాక్టరుగారు చదివిన ఇలియడ్

అమెరికాలో జోనథన్ షే అనే మానసిక వైద్యుడు వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సిపాయిలకు చాలా ఏళ్ళు చికిత్స చేశాడు. గ్రీకుల ఇలియడ్‌ను దగ్గర పెట్టుకుని, వాళ్ళు చెప్పిన మాటలను దానితో పోల్చి, 1994లో ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఇది: సిపాయి మనసు విరిగేది ఒక్క భయంవల్లనే కాదు. న్యాయమని తాను నమ్మినదాన్ని పెద్దలే కాలరాసినప్పుడు ఒక దెబ్బ తగులుతుంది. అదే సమయంలో ప్రాణంతో సమానమయిన మనిషి పోతే రెండో దెబ్బ తగులుతుంది. రెండూ కలిస్తే మనిషి మనిషిగా ఉండడు. అప్పుడు చేసిన పని తరవాత జన్మంతా వెంటాడుతుంది.

ఆయన చెప్పినది అకిలీజు సంగతి. కాని అశ్వత్థామకు ఎంత చక్కగా అతికిపోయిందో చూడండి. లోకంలో సత్యవంతుడని పేరున్నవాడే అబద్ధమాడాడు, తండ్రి పోయాడు. ఆ తరువాతిది మర్రిచెట్టు కింద నిద్రలేని రాత్రి. ఇది చెప్పి అతని నేరాన్ని మాఫీ చేయమని కాదు. నేరం నేరమే. నేరం వెనక గాయం ఉన్నదనీ, గాయం ఉన్నంత మాత్రాన నేరం చెరిగిపోదనీ రెండూ ఒక్కసారే అనగలగడం కష్టం. ఆ కష్టమయిన పని మన భారతం చేసింది.

కల్పనలో చెబితే ఏమి లాభం?

ఇలాంటి సంగతులను ఉన్నవి ఉన్నట్టు చెప్పకుండా, రాబోయే కాలంలోకో వేరే గ్రహంమీదకో ఎందుకు ఎత్తుకుపోతారని అడగవచ్చు. దీనికి రాడ్ సెర్లింగ్ అనే ఆయన జీవితమే సమాధానం.

ఈయన రెండవ ప్రపంచ యుద్ధంలో పారాచూట్ దళంలో చేరి ఫిలిప్పీన్సులో జపాను సైన్యంతో పోరాడాడు. కళ్ళ ఎదుట స్నేహితులు పోయారు. ఇంటికి వచ్చిన తరువాత కూడా పీడకలలు వదలలేదు. టెలివిజన్ నాటకాలు రాయబోతే, సరుకులు అమ్ముకునే కంపెనీలవారు ఇది వద్దు, అది తీసెయ్యి అని అడ్డం పడేవారు. అందుచేత 1959లో ‘ది ట్విలైట్ జోన్’ అనే వింతకథల వరస మొదలుపెట్టాడు. మనుషుల చేత చెప్పిస్తే ఒప్పుకోని మాటలను మరో లోకంలో పెట్టి చెబితే ఎవరూ అడ్డుపెట్టలేదట!

1961లో వచ్చిన ఒక కథలో యుద్ధం చివరిరోజుల్లో కొత్తగా వచ్చిన అమెరికా లెఫ్టినెంటు, గుహలో చిక్కుకున్న గాయపడ్డ జపాను సిపాయిలను చంపితీరాలంటాడు. ఉన్నట్టుండి అతనే జపాను లెఫ్టినెంటుగా మారిపోతాడు. కాలం మూడేళ్ళు వెనక్కుపోతుంది. ఇప్పుడు గుహలో ఉన్నది గాయపడ్డ అమెరికా సిపాయిలు. అంతే కథ. అరగంటలో శత్రువు కళ్ళతో లోకాన్ని చూపించాడు. వాస్తవకథలో ఈ పని చేయాలంటే ఎన్ని వందల పేజీలు కావాలి?

కాలు పోయిన కుర్రవాడు

‘స్టార్ ట్రెక్’ పేరు చాలామంది విన్నదే. అందులో మూడవ తరం కథ ‘డీప్ స్పేస్ నైన్’, 1993 నుంచి 1999 దాకా వచ్చింది. నాగ్ అనే కుర్రవాడు అందులో ఉన్నాడు. పెద్ద చెవులు, హుషారు, యుద్ధమంటే సరదా. 1998లో వచ్చిన కథలో, ఒక స్థావరాన్ని నిలబెట్టుకోవడానికి జరిగిన పోరులో కాలు పోతుంది. వైద్యులు కొత్త కాలు అమర్చారు. పరీక్షలో అంతా సవ్యంగానే ఉన్నదన్నారు. కాని కుర్రవాడికి నొప్పి పోదు, కుంటు పోదు.

అతను ఏమి చేశాడు? యంత్రం సృష్టించే మాయాలోకం ఒకటి ఉన్నది. అందులో 1962 నాటి పాటల హోటలు, ఒక గాయకుడు. నాగ్ ఆ హోటల్లో కాపురం పెట్టాడు. అక్కడ ఎవరూ చావరు, అందరూ పాడుతూనే ఉంటారు. కొన్నాళ్ళు ఊరుకుని, చివరకు ఆ గాయకుడే ‘ఇక బయటికి పో’ అని దీపాలార్పుతాడు. అప్పుడు ఆ కుర్రవాడి నోట అసలు మాట వస్తుంది: ఇంతకాలం తనకు ఏమీ కాదనుకున్నాడు, అవుతుందని తెలిసిపోయింది, అదే భయం.

ఇందులో ఫిరంగులు పేలవు. మందు సీసా బదులు పాటల హోటలు పెట్టారు, అంతే తేడా. మాయాలోకంలో తలదాచుకునే సిపాయి మన ఊళ్ళోనూ ఉండవచ్చు. అతని హోటలు వేరు.

నేరం ఒప్పుకున్న గుమాస్తా

అదే వరసలో 1993లో వచ్చిన మరో కథ ఇంతకంటె గొప్పది. కీరా అనే స్త్రీ తన గ్రహాన్ని ఆక్రమించినవారిమీద తిరుగుబాటు చేసి, బాంబులు పెట్టి, స్వాతంత్ర్యం వచ్చాక ఉద్యోగంలో ఉన్నది. పాత శత్రుజాతివాడు ఒకడు ఆమెకు చిక్కుతాడు. నేనే ఆ నిర్బంధ శిబిరం అధికారిని, అందరినీ నేనే చంపించాను అని గర్వంగా చెబుతాడు. విచారిస్తే తేలినదేమంటే, అతను అధికారి కాదు. అక్కడి కాగితాలు సర్దే గుమాస్తా. రాత్రిళ్ళు కేకలు వింటూ, చెవులు మూసుకుని మంచం కింద దూరినవాడు. అధికారి వేషంలో ఉరికంబం ఎక్కితేనయినా తన జాతి తన పాపాన్ని ఒప్పుకుంటుందని ఇంతపని చేశాడు!

చంపినవాడికి సిగ్గు లేదు. చూస్తూ ఊరుకున్నవాడికి నిద్ర లేదు. ఆమెకు అతనిమీద ఉన్న ద్వేషం కరిగిపోతుంది. కాని అప్పటికే ఆలస్యమయింది. ఆమె జాతివాడే మరొకడు ఆ గుమాస్తాను పొడిచేస్తాడు. గ్రహాల పేర్లు మార్చి మన పేర్లు పెట్టుకోండి. కథ ఎక్కడయినా చెల్లుతుంది.

మన తీరాన

యుద్ధం మనకు దూరమనుకోవడం పొరపాటు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీదా కాకినాడమీదా బాంబులు వేశాయి. ఆ రెండింటికీ నడుమ రైలుదారిలో ఉన్నది మన తుని. ఆ ఏడే బర్మా జపాను చేతికి పోతే, ‘రంగం’ వెళ్ళిన మనవాళ్ళు మిగతా భారతీయులతోపాటు లక్షల సంఖ్యలో అడవులూ కొండలూ పడి కాలినడకన బయలుదేరారు. దారిలో పోయినవారు ఎందరో. వాళ్ళు సిపాయిలు కారు. అయినా యుద్ధం వాళ్ళ వెంట ఇంటిదాకా వచ్చింది.

పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉన్నది. మిలిటరీ మాధవరం అంటేనే జనానికి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంనాటి నుంచీ తరతరాలుగా సైన్యానికి మనుషులనిచ్చిన గ్రామం. యుద్ధ స్మారకం కూడా ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో మనదేశపు సైన్యం పాతిక లక్షలు. ప్రాణాలు పోయినవి ఎనభై ఏడువేలు. తిరిగివచ్చిన మిగతా లక్షలమంది ఏమి మోసుకువచ్చారో ఎవరూ లెక్క కట్టలేదు.

ఈ గాయానికి పేరు పెట్టడానికే లోకానికి చాలాకాలం పట్టింది. 1915లో మయర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని ‘షెల్ షాక్’ అన్నాడు. ఫిరంగిగుండు అదటువల్ల వచ్చిన జబ్బని మొదట అనుకున్నారు. అది జబ్బో పిరికితనమో తేలకముందే, ఆ యుద్ధంలో పారిపోయారనీ పిరికివాళ్ళనీ బ్రిటిషు సైన్యం తన సిపాయిలను కాల్చివేసింది. అలా పోయిన 306 మందికి 2006లోగాని క్షమాభిక్ష దొరకలేదు. చచ్చి తొంభై ఏళ్ళయిన తరువాత! 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని రోగాల పట్టికలో చేర్చింది. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, అకారణంగా కోపం, అయినవాళ్ళకు దూరంగా మెలగడం, జరిగిపోయినది ఇప్పుడే జరుగుతున్నట్టు తోచడం దాని లక్షణాలు.

మన తెరమీది లోటు

మనవాళ్ళు ఈ సంగతి బొత్తిగా పట్టించుకోలేదని అనలేము. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఎక్కించి, యుద్ధంలో మాడిపోయిన భవిష్యత్తును చూపించారు. 2015లో క్రిష్ గారి ‘కంచె’ రెండవ ప్రపంచ యుద్ధంలో తెలుగు సిపాయిని కథానాయకుణ్ణి చేసి, ఊళ్ళోని కులాల కంచెనూ దేశాల నడుమ కంచెనూ పక్కపక్కన నిలబెట్టింది. 2017లో సంకల్ప్ రెడ్డి గారి ‘ఘాజీ’ వచ్చింది. 1971 డిసెంబరు 3–4 తేదీల నడిరాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరాన మునిగింది. ఎలా మునిగిందనే విషయంలో ఇరుదేశాల మాటా ఒకటి కాదు. ఆ సినిమాలో కొడుకును పోగొట్టుకున్న కెప్టెను ఉన్నాడు. శత్రువు కనబడితే చాలు, ఆజ్ఞ కోసం ఆగడు. అతని తెగువ ఎక్కడ ముగుస్తుందో, పుత్రశోకం ఎక్కడ మొదలవుతుందో అతనికే తెలియదు. అతన్ని అదుపులో పెట్టడానికి మరో అధికారిని పంపడంలోనే కథంతా ఉన్నది. చివరకు మాత్రం విజయమే మిగిలింది, శోకం మరుగున పడింది.

ఇక ‘కల్కి’. ఇందులో గొప్ప ఊహ ఒకటి ఉన్నది. ఒకప్పుడు ఉత్తర గర్భంమీద అస్త్రం వేసినవాడే ఇప్పుడు సుమతి అనే గర్భిణిని కాపాడాలి. ఏ నేరం చేశాడో ఆ నేరానికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టారు. పగిలిన చోటనే అతికించాలని చూశారు. వేల ఏళ్ళుగా నొసట గుడ్డ చుట్టుకుని, కాశీలో లోకం కంటబడకుండా ఉన్న ఆ ముసలి యోధుడిలో యుద్ధం నుంచి తిరిగివచ్చిన ప్రతి సిపాయీ కనిపిస్తాడు.

అయితే, మణి దొరకగానే పుండు మానింది. మానడంతోనే అతను లేచి పోట్లాటకు దిగాడు. ఆ పోట్లాటలు చూడముచ్చటగానే ఉన్నాయి, కాదనము. కాని ఆ అయిదుగురు కుర్రవాళ్ళు అతనికి కలలోకి రారా? ఆ స్త్రీ ముఖం చూసినప్పుడు ఉత్తర ముఖం గుర్తుకురాదా? అది చూపించడానికి కథ ఒక్క ఘడియ ఆగలేదు. గాయాన్ని బలంతో మాన్పవచ్చునన్న భ్రమ సినిమాలో చెల్లుతుంది, ఇంట్లో చెల్లదు.

మన పెద్దలు ఈ దగ్గర ఎంత నిదానించారో చూడండి. భారతంలో ద్రౌపది అశ్వత్థామ నొసటి మణి తెచ్చిచూపమన్నది. భాగవతంలో కట్టి తెచ్చిన అశ్వత్థామను విడిచిపెట్టమన్నది. పుత్రశోకంతో నేనేడుస్తున్నాను, వీడి తల్లి కూడా ఏడవాలా అన్నది ఆమె వాదం. పోతనగారి తెలుగులో ఆ ఘట్టం చదివి కంట తడిపెట్టనివారు తక్కువ. కొడుకులు పోయిన తల్లి, చంపినవాడి తల్లిని తలచుకోవడం! ఏ అంతరిక్ష కథలోనూ దీన్ని మించిన ఘట్టం కనబడదు.

గెలిచినవాడి సంగతి కూడా మరచిపోలేదు. ధర్మరాజు నాకీ రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. అతన్ని సముదాయించడానికి తమ్ముళ్ళు, ద్రౌపది, ఋషులు, కృష్ణుడు, చివరకు అంపశయ్యమీది భీష్ముడు కావలసివచ్చారు. శాంతిపర్వమంత పెద్ద పర్వం మరొకటి లేదు. యుద్ధం పద్ధెనిమిది రోజుల్లో అయిపోయింది. మనసు కుదుటపడడానికి అంత మాట్లాడవలసివచ్చింది!

మాట్లాడించండి

మన ఊళ్ళలో సైన్యంలో పనిచేసి వచ్చినవారిని ‘మిలిటరీ ఆయన’ అంటాము. జెండా పండుగనాడు పిలిచి దండ వేస్తాము. కార్గిల్ కబుర్లు చెప్పమంటాము. ఎందరిని కొట్టారు బాబాయి అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నకు ఆయన నవ్వి ఊరుకున్నాడంటే చెప్పడానికి ఏమీ లేక కాదు. రాత్రి ఆయనకు నిద్ర పడుతున్నదా అని అడిగేవారు లేరు. టపాకాయల చప్పుడుకు లోపలి గదిలోకి పోతే ‘మిలిటరీవాడికి భయమేమిటి’ అని నవ్వడం మాత్రం ఉన్నది. ఆయన కోపం భరించేది ఇల్లాలు; ఆమెను అడిగేవారు అంతకంటె లేరు.

ఇది తలరాత కాదు, వైద్యం ఉన్న బాధ. జిల్లా కేంద్రాలలో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. మానసిక వైద్యులు ఉన్నారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. పిచ్చివాళ్ళే అక్కడికి ఫోను చేస్తారనుకోవడం తెలివితక్కువ. జ్వరం వచ్చినవాడు డాక్టరు దగ్గరకు పోవడంలో తప్పేమున్నది?

కథలు రాసేవారికీ, బొమ్మలు తీసేవారికీ కూడా ఒక మనవి. భవిష్యత్తులోకి వెళ్ళండి, చంద్రమండలానికి వెళ్ళండి, ఎంత దూరమయినా వెళ్ళండి. కాని యుద్ధం అయిపోయిన మరునాటి ఉదయం మీ సిపాయి కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికిందో లేదో చూసి మరీ రాయండి. మేము చూస్తాము.

ఈసారి పిల్లవాడి పుట్టినరోజుకు ఆ ఏడు పేర్లూ చదివేటప్పుడు మొదటి పేరు దగ్గర క్షణం ఆగండి. ఆయుర్దాయం ఒక్కటే చాలదు. పలకరించే మనిషి కూడా ఉండాలి. అశ్వత్థామకు లేనిది అదే.